దబ్బనం గుచ్చితే ధర చెప్పాలి

మా వ్యాపారంలో ఎక్కడా రాసిపెట్టి లేని కట్టుబాటు ఒకటుంది. చెక్కలో దబ్బనం గుచ్చినవాడు ధర చెప్పి తీరాలి. సరుకును కంటితో ఎంతసేపైనా చూసుకోవచ్చు. వేళ్లతో తట్టి చప్పుడు వినొచ్చు, ముక్కు ఆనించి వాసన పట్టొచ్చు. దబ్బనం మొన దిగిందంటే మాత్రం బేరం మొదలైనట్టే. ఆ తర్వాత "ఊరికే చూశానండీ" అనేవాణ్ణి మా వాళ్లెవరూ రెండోసారి గుమ్మం తొక్కనివ్వరు.

కూలగొట్టే ఇళ్ల నుంచి తలుపులు, కిటికీలు, దూలాలు కొని, చిత్రిక పట్టి అమ్మడం మా పని. ముప్పై ఏళ్లుగా కొనేది నేను, మోసేది మా ఆయన. పెళ్లయిన ఏడాది దబ్బనం ఆయన దగ్గరే ఉండేది. ఒకరోజు ఏదో పాత హాస్టలు తలుపులు పన్నెండు, ఆకుపచ్చ రంగువి, మురిసిపోతూ బండిలోంచి దించాడు. నేను దబ్బనం తీసుకుని మొదటిదాంట్లో గుచ్చాను. పిండిలా పొడి రాలింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. తొమ్మిదోదాకా చూసి, "ఇక చాల్లెండి, అన్నీ పొయ్యిలోకే," అన్నాను. దబ్బనం నా సంచిలో వేసుకున్నాను. ఆయన మళ్లీ ఇమ్మని అడగలేదు. ఆ రోజు నుంచీ మా ఆయన ఎంపిక చేసింది ఏదైనా సరే, చొక్కా గుడ్డ గానీ, కత్తిరించిన పుచ్చకాయ గానీ, నేను రెండోసారి చూడాల్సిన అవసరం కనబడలేదు.

అలాంటి మనిషి, యాభై ఎనిమిదో ఏట, నాకు మాటమాత్రం చెప్పకుండా పడవ కొన్నాడు.

రేవుకు తీసుకెళ్లి చూపించాడు. నేను గట్టుమీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఇరవై ఎనిమిది అడుగుల పాత చెక్క పడవ. చిన్న ఇంజను, ఒక తెరచాప, మధ్యలో కోళ్లగూడంత గది. నీలం రంగు పొరలు పొరలుగా వేసి ఉంది. రంగు ఎంత మందంగా ఉంటే కింద కథ అంత పొడుగ్గా ఉంటుందని మా పనిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"నీళ్లమీద ఉంది," అన్నాను.

"లోపలికొచ్చి చూడు."

"కొనని సరుకు నేను ముట్టుకోనండీ."

"నేను కొనేశా కదా!"

"మీరు కొన్నారు. నేను కొనలేదు."

అంతటితో ఊరుకోలేదు ఆయన. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని, "ఇదిగో, కొట్టు ఇచ్చేద్దాం," అన్నాడు. "సోఫాల షావుకారు ఎన్నాళ్లుగానో అడుగుతున్నాడు. ఏడాది పొడుగునా పడవలోనే ఉందాం. రేవు రేవుకూ తిరుగుదాం. ఎన్నాళ్లని ఈ దుమ్ము మింగుతాం?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ కొట్టు రేకులషెడ్డు నాటి నుంచి ఒక్కో దూలం ఎంచి నేను నిలబెట్టింది. నా సంపాదన అదే, నా చదువు అదే, నలుగురిలో నా ముఖం అదే. దాన్ని సోఫాల వాడికి! స్పాంజి ముక్కలు గుడ్డలో చుట్టి అమ్మేవాడికి!

"మతి ఉండే మాట్లాడుతున్నారా?"

"ఒక్క సీజను నాతో రా," అన్నాడు నిదానంగా. "వానలు తగ్గుముఖం పట్టాయి. చలిగాలి తిరిగేలోపు ఆరు వారాలుంటాయి. తీరం వెంబడే వెళ్లి తీరం వెంబడే వద్దాం. తిరిగొచ్చాక కూడా నువ్వు వద్దంటే పడవ అమ్మేస్తా. మళ్లీ ఆ ఊసెత్తను."

నచ్చకపోతే వాపసు ఇచ్చే సరుకు. ఇంత తెలివితక్కువ బేరం ముప్పై ఏళ్లలో నా ముందుకు ఎవరూ తేలేదు. వద్దు అనే మాటను బట్టలతోపాటు మడతపెట్టి సంచిలో సర్దుకుని, సరేనన్నాను.

కొట్టు మా ఆడపడుచుకు అప్పగించాం. నలభై ఆరేళ్లది, పెళ్లిమాట ఎత్తినవాళ్లను గుమ్మంలోంచే తిప్పి పంపే మనిషి. తాళాలు తీసుకుంటూ నా చెవి దగ్గరికొచ్చి, "వదినా, అన్నయ్య నిన్ను సముద్రంలోకి తోసెయ్యడు కదా?" అంది.

"తోయాలన్నా ముందు నన్నడిగి తోయాలి మీ అన్నయ్య," అన్నాను.

వెళ్లేముందు షెడ్డు ఒకసారి చూసుకున్నాను. మా ఆయన పనిబల్ల మీద పాత పలక పోయి, పలచటి ప్లైవుడ్ ముక్క కనిపించింది. ఉన్న బల్లను కూడా చెడగొట్టుకున్నాడీ మానవుడు అనుకుని, తలుపు మూశాను.

పడవ ప్రయాణం గొప్ప గురించి చెప్పేవాళ్లు ఒక సంగతి దాచిపెడతారు. పడవ నడవదు, పాకుతుంది. రెండో రోజు మధ్యాహ్నం తీరం పక్క రోడ్డుమీద ఒక ముసలాయన సైకిలు తొక్కుకుంటూ మమ్మల్ని దాటిపోయాడు. పోతూ చెయ్యి కూడా ఊపాడు. మా ఆయన సంబరంగా తిరిగి ఊపాడు. అవమానం కూడా అర్థంకాని మనిషికి ఏం చెప్పగలం?

నెత్తిన గుడ్డ టోపీ ఒకటి. జేబులో మబ్బుల పుస్తకం ఒకటి. పొద్దున్నే ఆకాశం చూసి, ఈ మబ్బు వాన తెస్తుంది, ఆ మబ్బు తేదు అని అందులో రాసుకునేవాడు. ఆయన తెస్తుందన్న మబ్బు తెచ్చేది కాదు, తేదన్నది నా ఆరేసిన బట్టలన్నీ తడిపేది. "ఆ తాడు కాస్త పట్టుకుంటావా?" అనేవాడు. పట్టుకునేదాన్ని. "కొంచెం వదులుతావా?" వదిలేదాన్ని. ముప్పై ఏళ్లుగా ఆ మాటలు అనేది నేను, చేసేది ఆయన. నాకు కడుపులో తిప్పినమాట నిజమే గానీ వాంతి మాత్రం రానివ్వలేదు. ఆయనకు ఆ లాభం కూడా ఎందుకివ్వాలి?

మూడో రోజు నా పడక బల్ల కింద నుంచి వాసన తగిలింది.

తడిసిన పుస్తకాల వాసన, దానికి పుట్టగొడుగుల వాసన కలిస్తే ఎలా ఉంటుందో అలా. ఆ వాసన నాకు కన్నబిడ్డ ఏడుపులాంటిది. ఎంత నిద్రలో ఉన్నా గుర్తుపడతాను. అది కుళ్లు. లోపల ఎక్కడో పలక మెత్తబడింది. బల్ల మూతకు నాలుగు మరలు బిగించి ఉన్నాయి. దబ్బనం నా తలగడ కిందే ఉంది. కానీ గుచ్చితే ధర చెప్పాలి. పైగా ఎదుటివాడి సరుకులో లోపం కనబడిన వ్యాపారి వెంటనే నోరు విప్పడు, సమయం వచ్చేదాకా దాచుకుంటాడు. తిరిగెళ్లాక ఆడపడుచు ముందు, సోఫాల షావుకారు ముందు, ఆ మూత తెరిపించి ఒక్క పోటు పొడిస్తే చాలు. పన్నెండు తలుపుల కథ మళ్లీ మొదటి నుంచి చెప్పక్కర్లేదు. ఆ రోజును తలుచుకుంటూ ఆ కుళ్లుమీదే హాయిగా పడుకున్నాను.

తెల్లవారుతూనే ఆయన పంపు కొట్టే చప్పుడు వినిపించేది. అడుగున చేరిన నీళ్లు తోడిపోస్తున్నాడు. కళ్లు మూసుకుని లెక్కపెట్టేదాన్ని. మొదటి వారం నలభై పోట్లు. రెండో వారం యాభై అయిదు. మూడో వారం డెబ్బై. పెరిగిన ప్రతి పోటూ నా వైపు తక్కెడలో పడుతోంది.

మూడో రేవులో పళ్ల డాక్టరు తగిలాడు. మాదానికి రెండింతల తెల్లటి ప్లాస్టిక్ పడవ. టోపీమీద బంగారు లంగరు, మెడలో విజిలు. ఆ విజిలు భార్య కోసం. ఒకటి ఊదితే తాడు విసరాలి, రెండు ఊదితే లాగాలి, మూడు ఊదితే వదిలెయ్యాలి. మేం టీ తాగుతూ చూస్తుండగా పడవను గట్టుకు చేర్చబోయాడు. డాక్టరమ్మ ముందు కొసన తాడు పట్టుకుని నిలబడింది. ఆయన ఊదాడు.

"రెండా, మూడా?" అని అరిచింది ఆవిడ.

నోట్లో విజిలున్నవాడు జవాబెలా చెబుతాడు? మళ్లీ ఊదాడు. అంతకుముందువాటికి ఇవి కలపాలో వద్దో తెలియక ఆవిడ తాడు వదిలేసింది. పడవ వెళ్లి గట్టును గుద్దుకుంది. లక్షణంగా పెద్ద పన్ను ఊడినంత చప్పుడైంది.

సాయంత్రం పరామర్శకు పిలిచి, ఓదార్చే అవకాశం మాకివ్వకుండా తనే ఉపన్యాసం మొదలుపెట్టాడు. "సముద్రం మనిషికి వినయం నేర్పుతుందమ్మా."

"ఎన్నాళ్లనుంచి తిరుగుతున్నారు?" అన్నాను.

"పన్నెండేళ్లు!"

"పాఠం ఇంకా మొదలవలేదా మరి?"

మా ఆయన గబుక్కున టీ గుటక మింగి దగ్గాడు. డాక్టరమ్మ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత గిన్నెలు కడుగుతూ నాతో అంది, "ఆయనకు పడవ నడపడం రాదు, నాకు ఈత రాదు. ఎవరి భయం వాళ్లకుంది గనక కలిసున్నాం. మీవారు మీమీద అరవనే అరవరే?"

"అరవడానికేముంది? చెప్పేది నేనైతే."

"పడవలో కూడానా?"

నేను గిన్నె తుడిచి బోర్లించాను. అప్పటికే అది తుడిచిన గిన్నె.

నాలుగో వారం కొండముక్కు దగ్గరికొచ్చాం. ఒక కొండ తిన్నగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోటది. దాన్ని చుట్టి అవతలి రేవు చేరాలంటే పొద్దున బయల్దేరితే సాయంత్రమవుతుంది. మధ్యలో ఆగడానికి అంగుళం చోటు లేదు. రెండు వైపుల నీళ్లూ అక్కడ కొట్టుకుంటాయి. పళ్ల డాక్టరు ముందు రోజే విజిలు ఊదుకుంటూ వెళ్లిపోయాడు. రేవు గుమాస్తా మా పడవను ఎగాదిగా చూసి, "రేపు గాలి కొంచెం ఉంటుందండీ. మీది చెక్కదేగా, గట్టిదేనా?" అన్నాడు.

"గట్టిదే," అన్నాడు మా ఆయన.

నేను చూపు కొండవైపు తిప్పుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన గట్టుమీద నూనె డబ్బా నింపించుకుంటున్నాడు. ఆ వేళ పంపు పోట్లు తొంభై ఆరు. నేను పడకమీద కూర్చుని లెక్క వేసుకున్నాను. పలక ఇంటికెళ్లే దాకా ఆగితే గెలుపు నాది. కొండముక్కు దగ్గర విడిపోయినా గెలుపు నాదే. కానీ చూడ్డానికి నేనుండను. ఆడపడుచుకు చెప్పడానికి మనిషి మిగలని గెలుపు ఏం గెలుపు? ఆయన గురించి ఆలోచించలేదా అంటే, ఆలోచించాను. ఈత ఆయనకొచ్చు, నాకు రాదు. నన్ను వదిలేసి ఈదే తెలివి మాత్రం ఆయనకు లేదు. ఇద్దరం పోతాం.

పరుపు తీశాను. మరలు విప్పాను. మూత పక్కన పెట్టి, భుజందాకా చెయ్యి పోనిచ్చి, తలగడ కింద ఇన్నాళ్లూ దాచిన దబ్బనాన్ని వాసన వస్తున్న వైపు గుచ్చాను.

వెన్నలో దిగినట్టు కన్నుదాకా దిగింది.

నాకు మెత్తటి చెక్క తగిలినప్పుడల్లా ఒళ్లంతా ఒక చల్లటి సంతోషం పాకుతుంది. అదే పాకింది. ఇక ఎంతదూరం పాడైందో చూద్దామని వేలు పక్కకు జరిపాను. వేలికి సన్నటి రంధ్రం తగిలింది. ఇంకాస్త జరిపాను. ఇంకోటి. వేలెడు దూరానికొకటి, వరసగా, ఎవరో ముందే గుచ్చి చూసిన గుర్తులు. మంచి చెక్క తగిలిన చోట వరస ఆగిపోయింది. రెండో వైపూ అంతే. కుళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కొలుచుకోవడానికి అలా గుచ్చుతూ పోవడం నా పద్ధతి. ఈ ప్రపంచంలో నేను కాక ఇంకెవరైనా అలా గుచ్చగా నేను చూడలేదు.

టార్చి తెచ్చి వేశాను. కుళ్లిన పలకకు లోపలి వైపు, ఇటు మంచి చెక్క నుంచి అటు మంచి చెక్క దాకా, మూడు వేళ్ల మందం టేకు చెక్కను ఆనించి బోల్టులు బిగించి ఉంది. అంచులకు తారు. నా దబ్బనం దిగింది దాని కింద మిగిలిన రెండు వేళ్ల మేర పాత పలకలో. టేకుమీద గోటితో గీశాను. ఇనుములా ఉంది. ఒక మూల తాళం కప్ప తీసేసిన గుండ్రటి కన్నాన్ని చెక్కబిళ్లతో పూడ్చారు. దాని అంచున ఆకుపచ్చ రంగు చెక్కు.

పడవ కాస్త ఒరిగింది. ఆయన నూనె డబ్బాతో దిగాడు. తెరిచిన బల్లను, టార్చిని, చెక్కలో నిలబడి ఉన్న దబ్బనాన్ని వరసగా చూశాడు. డబ్బా కింద పెట్టాడు.

"గుచ్చావా?"

"గుచ్చాను. ఇది కుళ్లిందని కొన్నప్పుడే తెలుసా మీకు?"

"గుచ్చి చూడకుండా కొంటానా? మూరెడు మేర పోయింది. లోపల దన్ను పెట్టాను. బయటి పలక చలికాలంలో ఒడ్డుకెక్కించినప్పుడు మారుస్తా. నీళ్లు కాస్త ఊరతాయి, అంతే. అల పెద్దదయ్యేకొద్దీ ఇంకాస్త ఊరతాయి."

"తెలిసి తెలిసి కుళ్లిన సరుకు కొన్నారా?"

"కుళ్లు లేని పడవ కావాలంటే ఈ జన్మకు దొరకదే. ఇందులో ఎక్కడుందో తెలిసింది. తెలిసినదాంతో బతకొచ్చు. బతకడంలా?"

నేను ఆ ఆకుపచ్చ చెక్కువైపు టార్చి తిప్పాను. "ఇదెక్కడిది?"

"నా పనిబల్ల."

"పనిబల్ల ఎక్కడిది?"

ఆయన టోపీ తీసి, లోపల ఏదో ఉన్నట్టు చూసి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఆ హాస్టలు తలుపుల్లో పన్నెండోది. అది బాగానే ఉంది. నువ్వు తొమ్మిదోదాంతో ఆపేశావ్."

ముప్పై ఏళ్లు రోజుకు రెండుసార్లు నా టీ గ్లాసు పెట్టింది ఆ తలుపు మీదే. పైన గట్టుమీద గుమాస్తా ఎవరినో పిలుస్తున్నాడు. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను. దొరికింది ఒక్కటే.

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"నువ్వు దబ్బనం సంచిలో వేసేసుకున్నావ్ కదా," అన్నాడు. అందులో నిష్టూరం వెతికాను. దొరికి ఉంటే నాకు సులువుగా ఉండేది. కిందకు వంగి, చెక్కలో ఉన్న దబ్బనాన్ని వేలితో మీటాడు. "సరే. గుచ్చింది నువ్వు. ధర చెప్పు."

"ఇప్పుడా?"

"గుచ్చిన చోటే చెప్పాలి. నీ రూలే."

అదీ నిజమే. కట్టుబాటు తప్పినదాన్ని అనిపించుకోవడానికి నీళ్లమీద కూడా నేను సిద్ధంగా లేను.

"ఏడాదికో వారం," అన్నాను. "కొట్టు మాత్రం ఎవరికీ ఇచ్చేది లేదు."

"వారమా! వంటచెరుకు కూడా అంతకన్నా ఎక్కువ పలుకుతుంది. ఏడాదంతా అడిగినవాణ్ణి, నీ ముఖం చూసి పన్నెండు వారాలకు దిగుతున్నా."

"కుళ్లిన పడవకు పన్నెండా? రెండు."

"టేకు చూశావుగా. పది."

"ఆ టేకు నా షెడ్డుదే. నాలుగు."

"నువ్వు పారెయ్యమన్నదాన్ని నేను దాచిన టేకు. తొమ్మిది."

"అయిదు. టోపీ మానెయ్యాలి."

"టోపీ జోలికి రాకు. ఎనిమిది."

"ఏడు! ఇక నోరెత్తితే ఇక్కడే దిగిపోతా."

"ఏడు," అన్నాడు వెంటనే. చెయ్యి చాపాడు. బేరం తెగినప్పుడు వ్యాపారులు కలిపినట్టు, చేతులు కలిపాం.

వెంటనే అన్నాడు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

కొండముక్కు గురించి గొప్పలు చెప్పను. ఆయన చుక్కాని పట్టుకున్నాడు, నేను పంపు పట్టుకున్నాను. నీళ్లు పైనుంచి వచ్చాయి, కిందనుంచి వచ్చాయి. పోట్లు లెక్కపెట్టడం రెండు వందల పది దగ్గర మానేశాను. మధ్యలో ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగి, "కొంచెం ఆగుతావా, అలిసిపోయావ్," అన్నాడు. "ముందు చూసి నడపండి," అన్నాను. టేకు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

అవతలి రేవు ముందు పళ్ల డాక్టరు పడవ ఇసుక మేటమీద ఒరిగి కూర్చుని ఉంది. ఆయన టోపీ పెట్టుకుని, ఒరిగిన పడవకు సమంగా తనూ ఒరిగి నిలబడి ఉన్నాడు. డాక్టరమ్మ పక్కనే మోకాలిలోతు నీళ్లలో నిలబడి, "నాకిక్కడ బాగానే ఉందండీ, నెమ్మదిగా రండి!" అని కేకేసింది. మా ఆయన తాడు విసిరాడు. విజిలు లేకుండా, ఒక్క మాట అనకుండా, పావుగంటలో లాగేశాడు. నేను చూస్తూ ఉన్నాను. చుక్కాని ఎప్పుడు తిప్పాలో, ఎంత తిప్పాలో ఆయనకు తెలుసు. ఇది ఎప్పుడు నేర్చుకున్నాడని అడగలేదు. నేను లేనప్పుడు అయ్యుంటుంది. కొట్టులో నేను లేనప్పుడంటూ ఉండేది కాదు గనక, నేను చూడనప్పుడు అనుకోవాలి.

తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి కలిసొచ్చి, ఆరో వారానికి ఇల్లు చేరాం. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అంటారు. నేను మాత్రం బేరం మాట మరవకుండా, దిగిన గంటకే సోఫాల షావుకారు దుకాణానికి బయల్దేరాను. కాదు అనే మాటను నోరారా చెప్పే సుఖం ఇంకొకరికి ఎందుకు వదలాలి?

"షావుకారుగారూ, మా కొట్టుమీద ఆశ వదులుకోండి. ఇవ్వం," అన్నాను గుమ్మంలోంచే.

ఆయన సోఫాలోంచి సగం లేచి, స్ప్రింగుకు పంచె తగులుకుని మళ్లీ కూర్చున్నాడు. "మీ కొట్టా? నేనెప్పుడడిగానమ్మా? ఉన్నదానికే అద్దె కట్టలేక ఖాళీ చేసే పనిలో ఉన్నా. మీవారితో మాట్లాడి రెండేళ్లవుతోంది!"

తిరిగొచ్చేసరికి మా ఆయన షెడ్డులో తాళ్లు ఆరబెడుతున్నాడు. ఆడపడుచు గుమ్మంలో కూర్చుని చీపురుపుల్లతో పళ్లు కుట్టుకుంటోంది.

"ఏమండీ, సోఫాల షావుకారు కొట్టు అడుగుతున్నాడన్నారు?"

"అడుగుతాడేమో అనుకున్నా," అన్నాడు తాడు దులుపుతూ.

మా ఆయన ఏడాదంతా కావాలని అడిగాడు. పోగొట్టుకుంటానని నేను గడగడలాడే వస్తువును ముందు తక్కెడలో పెట్టాడు. ఆ భయంలో ఏడు వారాలు నాకు చవగ్గా కనబడ్డాయి. ఆయనకు మొదటి నుంచీ కావాల్సింది అంతే. ఆ మాట తిన్నగా వచ్చి అడిగి ఉంటే రెండు రోజులు కూడా ఇచ్చేదాన్ని కాదు. ముప్పై ఏళ్లుగా నా బేరాలన్నిటికీ తలుపులు మోస్తూ పక్కన నిలబడ్డ మనిషి చెవులు కూడా వెంట తెచ్చుకున్నాడని నాకు తట్టనే లేదు.

"వదినా, ఏంటలా చూస్తున్నావ్ అన్నయ్యని?" అంది ఆడపడుచు.

"పుల్ల అవతల పారెయ్. కొనేవాళ్లొస్తే అసహ్యంగా ఉంటుంది," అన్నాను.

పది రోజులకు మేస్త్రీ ఒకడు బండినిండా తలుపులు తెచ్చాడు. ఏదో సత్రం కూలగొట్టారట. పద్నాలుగు తలుపులు గోడకు ఆనించి నిలబెట్టాడు. "మీకు తెలియనిదేముందమ్మా, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే," అన్నాడు, నా చేతివైపే చూస్తూ. నేను సంచిలోంచి దబ్బనం తీశాను. మా ఆయన ఎప్పటిలాగే దించడానికి చేతులు తుడుచుకుంటున్నాడు.

"మీరు చూడండి," అని దబ్బనం ఆయన చేతిలో పెట్టాను.

మేస్త్రీ నన్ను చూశాడు, ఆయన్ను చూశాడు. ఆడపడుచు తాళాల గుత్తి చప్పుడు ఆగిపోయింది. మా ఆయన దబ్బనం మొనను బొటనవేలితో ఒకసారి సరిచూసుకుని, మొదటి తలుపు దగ్గర మోకాళ్లమీద కూర్చున్నాడు. కింది అంచు, గొళ్లెం పక్క, పై మూల. పొడి రాలింది. రెండోదీ రాలింది. ఎండెక్కుతోంది. నాలుగోదానికీ, అయిదోదానికీ అంతే. మేస్త్రీ తల గోక్కున్నాడు. నాకైతే విషయం తేలిపోయింది.

"ఇంత సేపా? ఇది వ్యాపారమా, వైద్యమా?" అన్నాను.

"ఇంకా ఉన్నాయిగా," అన్నాడు తల ఎత్తకుండా.

తొమ్మిదోది కూడా పొడే. నా నాలుకమీదికి మాట వచ్చేసింది. లోపలే ఆపాను. ఆడపడుచు టీ తెచ్చి ఇస్తే, పనిబల్ల మీద ప్లైవుడ్ ముక్కమీద పెట్టబోయి, చేత్తోనే పట్టుకున్నాను. ఆయన పదోదాని దగ్గరికి జరిగాడు. ఎండలో నిలబడి, టీ చల్లారిపోతుంటే, పద్నాలుగోదాకా చూశాను.